దిగుడు

పెద్దాసుపత్రి లిఫ్టులో, స్టూలు మీద కూచుని
పంతొమ్మిదేళ్లుగా జనాన్ని దించుతున్నాను.
నేను దిగింది లేదు.

ఆదివారం, ఇంకా చీకటుండగానే
మామండూరు దాటి మట్టిదారిలో జీపు ఆగింది.
ఏడుగురం. అందరికీ ఇదే మొదటిసారి.
నా వీపున మా అమ్మాయి కాలేజీ సంచి,
అందులో రాగిసంగటి, ఊరుబిండి,
ఎందుకైనా మంచిదని అమృతాంజనం.

"కాలిరిగినా బయంలేదు,
పుత్తూరు కట్టు పక్కనే గదా" అన్నాడు
కుట్టుమిషన్లు రిపేరు చేసే మునిశేఖర్.
నవ్వినవాళ్లలో నేను లేను.

పెంచలమ్మ ఒక్కొక్కరి నడుము పట్టీ లాగి చూసింది,
సంతలో కోడి రెక్క కింద వేలు పెట్టి చూసినట్టు.
"ఊపిరి బిగబట్టి కట్టుకుంటివే సామీ.
ముందు వదులు. వదిలినాక బిగిద్దాం."

వాళ్ల నాయన తేనె కోసేవాడట
తీగల నిచ్చెన మీద, కొండ అంచున వేలాడి.
పైన తాడు కాసేది బామ్మర్దే అయ్యుండాలట,
అక్క పసుపుతాడూ వాడి చేతిలోనే ఉంటుంది గనక.
"మరి నాకు?" అన్నాను.
"ఈ పొద్దుకు నేనే నీ బామ్మర్దిని, దిగు."

ఏప్రిల్ ఏరు. నీళ్లు లేవు,
నీళ్లు నడిచిన నునుపు ఉంది.
పూత మీదున్న ఎర్రచందనాల వెనక
సగం తెగి ఆగిన గుమ్మడికాయలా కొండ.
ఆ చీలికలోకి మేము.

"ఎనక్కి వాలు. కుర్చీలో కూచున్నట్టు కూచో."
కూచోవడం నాకు తెలిసిన పనే.
కింద స్టూలుండేది, అంతే తేడా.

మోకాళ్లు వణికి వణికి వాటంతటవే అలిసిపోయాయి.
ముఖానికి జానెడు దూరంలో రాయి
ఇటుకరంగు, పసుపు, మళ్లీ ఇటుకరంగు, ఒక ఊదా గీత.
ఏ అంతస్తుకీ నంబరు లేదు.
నొక్కడానికి బొత్తామూ లేదు.

పోయిన వారం ఒక ముసలాయన
చేతిలో జత ఆడచెప్పులతో ఎక్కాడు లిఫ్టు.
"ఇంకా ఎంతదూరం నాయనా?" అనడిగాడు.
రెండంతస్తులే అన్నాను, నంబర్లు చూస్తూ.

తాడు మధ్యలో అరిచాను, "ఇంకా ఎంతదూరం?"
నా గొంతే మూడుసార్లు అడిగింది నన్ను.
పైనుంచి జవాబు:
"కాలికి రాయి తగిలేదాకా!"

తగిలింది.

అందరూ దిగాక తనూ దిగి
పెంచలమ్మ తాడు ఒక కొస పట్టి లాగింది.
సర్రున జారి మా కాళ్ల దగ్గర కుప్పపడింది తాడు.
అప్పుడు అర్థమైంది.
పైకి దారి లేదిక.
మునిశేఖర్ జోకు మొదలుపెట్టి మింగేశాడు.

ఆ తర్వాత పక్కవాటుగా, కడుపు లోపలికి పీల్చి,
సంచి ముందు, నేను వెనక.
ఒకచోట మెడలోతు నీళ్లు, ఎండ ఎరగని నీళ్లు,
పళ్లు టకటకలాడుతుంటే తల ఎత్తాను.
ఆకాశం, ఎవరో చింపి పారేసిన చీర అంచు.
దానికి కాస్త కింద, రెండు గోడల మధ్య
అడ్డంగా ఇరుక్కున్న మద్దిదుంగ.
"అదెట్లా ఎక్కింది అక్కడికి?"
"నవంబరులో నీళ్లొచ్చి పెట్టిపోయినాయి."
అంతెత్తున నీళ్లు.
ఎవరమూ మాట్లాడలేదు చాలాసేపు.

మధ్యాహ్నానికి కొండ మమ్మల్ని ఎండలోకి వదిలింది.
అరచేతులు మండుతున్నాయి.
కాలేజీ సంచి పిండితే చెంబెడు నీళ్లు.
డబ్బా మాత్రం తడవలేదు.

"ఏం పని సామీ నీది?"
"దించే పని."
"నాదీ అదే" అని
ఇంకొంచెం ఊరుబిండి వేయించుకుంది.